చివరి మెట్టు నుంచి వెనక్కి: పలు అంచెల సంరక్షణ ఉన్న సీనియర్ కమ్యూనిటీని ఎంచుకోవడం ఎలా?

సీనియర్ కమ్యూనిటీ, అంటే పెద్దవాళ్ల కోసం కట్టిన నివాస సముదాయం, చూడటానికి వెళ్తే ముందు తోట చూపిస్తారు. తర్వాత లైబ్రరీ, నడక దారి, మోడల్ ఫ్లాటు. ఇవన్నీ ఇవాళ ఆరోగ్యంగా ఉన్న మనిషికి పనికొచ్చేవి. అలాంటి మనిషికి ఏ మంచి అపార్ట్‌మెంటైనా సరిపోతుంది. చేరేటప్పుడు పెద్ద డిపాజిట్ కట్టేది మోకాళ్లు మొరాయించిన రోజున, మందులు కలగాపులగమైన రోజున, మంచం దిగలేని రోజున పక్కన మనిషి ఉంటారన్న భరోసా కోసం. అందుకే చూసే వరుసను తిరగేయండి. ముందు నర్సింగ్ వార్డు, తర్వాత మెమరీ కేర్, ఆ తర్వాత అసిస్టెడ్ లివింగ్, ఆఖర్న ఫ్లాటు. ఆ నర్సింగ్ వార్డులో మీ అమ్మనో నాన్ననో ఉంచడానికి మనసొప్పకపోతే, మిగతాది ఎంత బాగున్నా అక్కడితో ఆపేయొచ్చు.

అంచెలంటే ఏమిటి?

పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి గానీ లోపలి సరుకు దాదాపు ఇదే. ఇండిపెండెంట్ లివింగ్‌లో సొంత ఫ్లాటు, భోజనం, ఇల్లు శుభ్రం చేసే మనిషి, అత్యవసర బెల్ ఉంటాయి. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానం, బట్టలు, మందుల దగ్గర చేయి అందిస్తారు. మెమరీ కేర్ డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకి, తలుపులకు కాపలా ఉన్న విడి విభాగం. నర్సింగ్ కేర్‌లో రాత్రింబవళ్లు నర్సు ఉండాలి. మంచాన పడ్డవాళ్లు, కేథటర్ (మూత్రం పోయే గొట్టం), ఫీడింగ్ ట్యూబ్ (ఆహారం ఎక్కించే గొట్టం) ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తారు. కొన్నిచోట్ల తుంటి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలుండి కోలుకునే రిహాబ్ గదులు, చివరి రోజుల్లో బాధ తగ్గించే పల్లియేటివ్ కేర్ కూడా ఉంటాయి.

ఈ అంచెల్లో ఏవి ఆవరణలోనే ఉన్నాయో, ఏవి "టై-అప్" పేరుతో బయట ఉన్నాయో నేరుగా అడగండి. "త్వరలో వస్తుంది" అన్న అంచెను లేనట్టే లెక్కేసుకోండి. కట్టని వార్డు మీద భరోసాతో సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో ఇంట్లోనే చూసుకోండి

డాక్టర్ సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రచురించిన కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆరు పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లి రావడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. సాయం లేకుండా చేసే పనికి ఒక మార్కు. ఆరుకి ఆరొస్తే స్వతంత్రంగా ఉన్నట్టు. సాధారణంగా ముందు చేజారేది స్నానం, ఆఖరున తినడం. కాబట్టి "అన్నీ తనే చేసుకుంటుంది, స్నానానికి మాత్రం కాస్త పట్టుకోవాలి" అనే మాట వినిపించిందంటే దిగడం మొదలైందని అర్థం.

దీనికన్నా ముందే తెలిసేది లాటన్, బ్రోడీ 1969లో ఇచ్చిన ఎనిమిది పనుల జాబితాలో: ఫోన్ చేయడం, కొనుగోళ్లు, వంట, ఇంటి పని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు సమయానికి వేసుకోవడం, డబ్బు లెక్కలు. ఆఖరి రెండింటి మీద కన్నేసి ఉంచండి. ఒకే బిల్లు రెండుసార్లు కట్టడం, నెలాఖరుకి అయిపోవాల్సిన మాత్రల స్ట్రిప్పులు సగం మిగిలిపోవడం, ఇవి మాటల్లో మతిమరుపు బయటపడక ముందే కనిపిస్తాయి.

పడిపోయే ప్రమాదం చూడటానికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. చేతులున్న కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. కర్ర వాడేవాళ్లు కర్రతోనే చేయాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టే. తూలితే పట్టుకునేలా పక్కన ఒకరు నిలబడాలి.

ఈ లెక్కలు ముందే తెలిసుండటానికి ఒక కారణం ఉంది. చాలా కమ్యూనిటీలు ఇండిపెండెంట్ మెట్టులో చేరేటప్పుడు తమ వైద్య పరీక్ష చేస్తాయి, తమంతట తాము తిరగగలిగినవాళ్లనే తీసుకుంటాయి. డిమెన్షియా నిర్ధారణయ్యాక వెళ్తే తలుపు మూసుకోవచ్చు, లేదా పూర్తి ధరకు నేరుగా మెమరీ కేర్‌లో చేర్చుకోవచ్చు. "ఇంకా అవసరం రాలేదు కదా" అని వాయిదా వేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వెయిటింగ్ లిస్టు కూడా ఉంటుంది కాబట్టి, ఆరుకి ఆరు మార్కులున్న రోజుల్లోనే పేరు రాయించాలి.

నర్సింగ్ వార్డును రాత్రి చూడాలి

పగలు పదకొండింటికి ఏ వార్డైనా బాగుంటుంది. ఒకసారి అలా చూసి, ఆదివారం సాయంత్రమో, రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదింటికో మళ్లీ వెళ్లండి. రెండోసారి వస్తామంటే ఒప్పుకోకపోతే, అదే మీకు జవాబు.

సిబ్బంది గురించి "ఎంతమందికి ఒకరు" అని అడిగితే కాగితం మీది సగటు చెబుతారు. అందులో పగలు, రాత్రి, సెలవుల్లో ఉన్నవాళ్లు అందరూ కలిసిపోతారు. "ఈ రాత్రి రెండింటికి ఈ అంతస్తులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది అటెండెంట్లు, నర్సు ఇక్కడే ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా?" అని అడగండి. వచ్చిన అంకెతో ఒక చిన్న లెక్క వేయండి. తమంతట తాము కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం రివాజు. తిప్పి, డైపర్ చూసి, దుప్పటి సరిచేసి, నోరు తడపడానికి ఇద్దరు కలిసి చేస్తే ఐదు నిమిషాలనుకుందాం. అలాంటివాళ్లు 24 మంది ఉండి, రాత్రి అటెండెంట్లు ఇద్దరే అయితే సరిగ్గా 120 నిమిషాలు. రెండు గంటలూ దానికే సరి. ఈలోగా ఎవరు బెల్ కొట్టినా వెళ్లే మనిషి లేడు. అంటే తిప్పడమైనా ఆగుతుంది, బెల్లయినా మోగుతూ ఉంటుంది. నడుము కింద, మడమల మీద పుండ్లు పడేది ఇలాంటి రాత్రుల్లోనే. ఎంత ఓపిక, ప్రేమ ఉన్న అటెండెంటైనా ఈ లెక్కను దాటలేదు.

తర్వాత బెల్. వార్డు చూపిస్తున్నవాళ్ల అనుమతి తీసుకుని బాత్రూంలోని అత్యవసర తాడు లాగి, మనిషి వచ్చేదాకా ఎన్ని నిమిషాలో చూడండి. ఆ తాడు ఎక్కడిదాకా వేలాడుతోందో కూడా గమనించండి. జారిపడ్డ మనిషి నేల మీద ఉంటుంది. గోడ మీద నడుమెత్తులో ఉన్న బటన్ ఆమెకు అందదు. తాడు నేలకు బెత్తెడు ఎత్తు దాకా రావాలి. చాలాచోట్ల తుడిచేటప్పుడు అడ్డమని దాన్ని గ్రాబ్ బార్‌కి (పట్టుకుని లేవడానికి గోడకు బిగించిన కడ్డీకి) చుట్టి ముడేస్తారు. ఆ ముడి కనిపిస్తే, ఆ అంతస్తులో కొంతకాలంగా ఎవరూ ఆ తాడు సంగతి పట్టించుకోలేదని తెలుసుకోండి.

మంచాల పక్కన నిలబడి మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో చూడండి. నిండుగా, శుభ్రంగా, చేతికందనంత దూరంలో ఉన్న గ్లాసు వల్ల ఉపయోగం లేదు. నీళ్లు తక్కువైతే పెద్దవాళ్లలో అయోమయం, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. కళ్లజోడు ముఖానికుందా, డ్రాయర్లో ఉందా? వినికిడి మెషీన్‌లో బ్యాటరీ ఉందా? కాలిగోళ్లు తీశారా? ఈ చిన్న పనులకు సమయం దొరుకుతోందంటే పెద్ద పనులకూ దొరుకుతున్నట్టే. ఎక్కడో ఒకచోట అప్పుడే మూత్రం వాసన వస్తే తప్పు పట్టకండి, అది వార్డు. వరండా అంతా పాత వాసన పట్టుకుని ఉన్నా, దాని మీద ఘాటైన సువాసన చల్లి ఉన్నా అనుమానించండి.

బరువు రికార్డు ఎలా ఉంచుతారో అడగండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గడం ప్రమాద సంకేతం. 60 కిలోల మనిషికైతే నెలలో 3 కిలోలు, ఆరు నెలల్లో 6 కిలోలు. ప్రతినెలా తూచి, తగ్గితే ఇంటివాళ్లకు చెప్పే పద్ధతి ఉందంటే ఆ వార్డులో ఎవరో లెక్క చూస్తున్నారు.

ఒక మెట్టు నుంచి మరో మెట్టుకి: ఒప్పందంలో ఈ పేజీనే రెండుసార్లు చదవాలి

గొడవలు ఎక్కువగా వచ్చేది మెట్టు మారేటప్పుడు. ఎవరు నిర్ణయిస్తారు? కొన్ని ఒప్పందాల్లో సంస్థ వైద్యుడి మాటే ఆఖరిది. నివాసి, కుటుంబం, బయటి వైద్యుడు కలిసి కూర్చునే పద్ధతి, ఒప్పుకోకపోతే మళ్లీ పరీక్ష కోరే హక్కు రాతలో ఉండాలి.

నర్సింగ్‌కి వెళ్లినా ఫ్లాటును ఎన్ని రోజులు ఉంచుతారు? తాత్కాలికం ఎప్పుడు శాశ్వతం అవుతుంది? ఇది అంకెల్లో ఉండాలి. "తగిన కాలం" అనే మాట ఉంటే దాన్ని కొట్టేసి రోజులు రాయించండి.

పై అంచెలో మంచం "హామీ"యా, "ప్రాధాన్యం" మాత్రమేనా? ప్రాధాన్యం అంటే ఖాళీ ఉంటే ముందు మీకిస్తారు, అంతే. ఆ రోజు ఖాళీ లేకపోతే బయట ఎక్కడ పెడతారు, ఖర్చులో తేడా ఎవరు భరిస్తారు, తిరిగి ఎప్పుడు తీసుకొస్తారు అనేవి రాతలో లేకపోతే మంచం లేనట్టే.

ఎవరిని ఉంచుకోలేమంటారో కూడా అడగండి. వెంటిలేటర్, డయాలసిస్, చేయి చేసుకునే డిమెన్షియా, లేపడానికి ఇద్దరు కావాల్సినంత బరువున్న మనిషి: వీటిలో ఏదో ఒకదానికి చాలా సంస్థలు కాదంటాయి. అది తప్పు కాదు, ముందే చెప్పకపోవడమే తప్పు. సొంత అటెండెంట్‌ను పెట్టుకోనిస్తారా, పెట్టుకుంటే భోజనానికీ బసకీ విడిగా వసూలు చేస్తారా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో శాశ్వతంగా మెట్టు మార్చడానికి సంతకం పెట్టకండి. ఆపరేషన్, ఇన్ఫెక్షన్, కొత్త మందు, ఒంట్లో నీరు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా పెద్దవాళ్లకు ఉన్నట్టుండి అయోమయం కమ్మవచ్చు. మనుషుల్ని గుర్తుపట్టరు, రాత్రంతా కలవరిస్తారు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. గంటల్లో, రోజుల్లో వచ్చింది డెలీరియం కావచ్చు, నెలలూ ఏళ్లూ పట్టి వచ్చేది డిమెన్షియా. డెలీరియం చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. ఆ పరిస్థితిలో చేసిన అంచనా ఆధారంగా ఫ్లాటు వదులుకుంటే, నెల తర్వాత తేరుకున్న మనిషికి తిరిగి వెళ్లడానికి ఇల్లుండదు. "తాత్కాలిక బదిలీ, నెల తర్వాత మళ్లీ అంచనా" అని రాయించుకోండి.

డబ్బు

ఒప్పందాలు స్థూలంగా నాలుగు రకాలు. అమెరికాలో మొదటి మూడింటిని ఎ, బి, సి టైపులంటారు. ఎ టైపులో ప్రవేశ రుసుము ఎక్కువ, కానీ మెట్టు మారినా నెలసరి ఛార్జీ పెద్దగా మారదు. బి టైపులో నర్సింగ్‌లో కొన్ని రోజులు ఉచితం, లేదా కొంత తగ్గింపు, ఆ తర్వాత బయటి ధర. సి టైపులో చేరడం చవక, సంరక్షణ మొదలయ్యాక ప్రతిదానికీ అప్పటి ధర. నాలుగోది వట్టి అద్దె, ప్రవేశ రుసుము ఉండదు. కుటుంబంలో దీర్ఘాయుష్షు, డిమెన్షియా రెండూ ఉంటే ఎ టైపు ఖరీదుకు తగ్గ ఫలితముంటుంది. చేతిలో పొదుపు బాగా ఉండి, నర్సింగ్ ఖర్చు వస్తే తట్టుకోగలవాళ్లకు సి నడుస్తుంది.

డిపాజిట్ వాపసు దగ్గర రెండు ప్రశ్నలు. ఎంత తిరిగిస్తారు, ఎప్పుడిస్తారు? నెలకు 2 శాతం కోత పెట్టే పద్ధతిలో 50 నెలలకు సున్నా అవుతుంది. 90 శాతం వాపసు అన్నచోట ఆ డబ్బు "ఫ్లాటు మళ్లీ అమ్ముడుపోయాక" అని రాసుంటే, అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టినా మీరు ఎదురుచూడాలి. "అమ్ముడైనా కాకపోయినా ఇన్ని నెలల్లోపు" అని గడువు రాయించండి.

గత ఐదేళ్లలో నెలసరి ఛార్జీ ఏటా ఎంత పెరిగిందో అంకెలు తీసుకోండి. 72ని పెరుగుదల శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది: 6 శాతమైతే 12 ఏళ్లు, 8 శాతమైతే 9 ఏళ్లు. 70 ఏళ్లకు చేరిన మనిషి పింఛను అలా పెరుగుతుందా అన్నది ఇవాళే చూసుకోవాలి.

దంపతులైతే ఇంకో లెక్క. ఒకరు నర్సింగ్‌కి, ఇంకొకరు ఫ్లాటులోనే ఉంటే నెలకు రెండు ఛార్జీలు పడతాయా? చాలా కుటుంబాల పొదుపు కరిగేది ఈ రెండు బిల్లుల మధ్యే. ఆ నెల బిల్లు ఎలా ఉంటుందో నమూనా అడిగి తీసుకోండి.

సంస్థ నిలబడుతుందో లేదో చూడటానికి ఆడిట్ అయిన లెక్కలు మూడేళ్లవి అడగండి. ఏడాది నిర్వహణ ఖర్చులోంచి తరుగుదల తీసేసి 365తో భాగిస్తే ఒక రోజు ఖర్చు వస్తుంది. చేతిలోని నగదు, వెంటనే నగదయ్యే పెట్టుబడులను ఆ అంకెతో భాగిస్తే ఆదాయం ఆగినా ఎన్ని రోజులు నడుస్తుందో తెలుస్తుంది. ఫ్లాట్లలో 90 శాతం పైగా నిండి ఉంటే మంచిది. 85 కన్నా కిందికి జారుతూ ఉంటే కారణం అడగాలి. కొత్తవాళ్ల డిపాజిట్లతో పాతవాళ్ల వాపసులు తీర్చే సంస్థకు, కొత్తవాళ్లు రావడం తగ్గిన రోజున రెండు వైపులా ముడి పడుతుంది. లెక్కలు చూపించడానికి ఇష్టపడని చోట డబ్బు కట్టకండి.

పిల్లలు సంతకం పెట్టేచోట ఏ హోదాలో పెడుతున్నారో చదవాలి. "సంప్రదించవలసిన వ్యక్తి" వేరు, "బకాయిలకు బాధ్యత వహించే వ్యక్తి" వేరు. పవర్ ఆఫ్ అటార్నీ, చివరి దశలో ఎలాంటి చికిత్స కావాలో వద్దో తెలిపే పత్రం పెద్దవాళ్లకు తెలివిడి ఉండగానే రాయించాలి. తెలివిడి పోయాక రాయించినవాటికి విలువుండదు.

ఫ్లాటులో టేపు పట్టుకుని

ఆఖరుకి ఫ్లాటు. తలుపు తెరిచాక ఖాళీ కనీసం 81 సెంటీమీటర్లు ఉంటే వీల్‌చైర్ పడుతుంది. బాత్రూంలో అది గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం కావాలి. టాయిలెట్ సీటు ఎత్తు 43 నుంచి 48, గ్రాబ్ బార్ నేల నుంచి 84 నుంచి 91 సెంటీమీటర్లు. టవల్ వేసుకునే కడ్డీ గ్రాబ్ బార్ కాదు. తూలిన మనిషి బరువుకు అది గోడ నుంచి ఊడొస్తుంది. గట్టి బార్ 110 కిలోలకు పైగా ఆపాలి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. కుళాయి వేడినీళ్లు 49 డిగ్రీలు దాటకూడదు. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి, పెద్దవాళ్ల చర్మం ఇంకా పలచన.

మెమరీ కేర్‌లో అడగాల్సినవి

తిరిగే అలవాటున్నవాళ్లకు గుండ్రంగా తిరిగొచ్చే దారి, గోడ ఉన్న ఆరుబయలు ఉందా అని చూడండి. దారి తాళం వేసిన తలుపు దగ్గర ఆగిపోతే ఆ తలుపే వాళ్లను రోజంతా రెచ్చగొడుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య ఒకసారి కూర్చుని చూడండి. ఆందోళన పెరిగే వేళ అదే, డ్యూటీ మారే వేళ కూడా తరచూ అదే. అప్పుడు మనుషులు పలచబడతారా, పెరుగుతారా?

ఎంతమందికి యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడేవి, మత్తు కలిగించేవి) ఇస్తున్నారో అడగండి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందుల్లో కొత్త తరం వాటితో మరణ ప్రమాదం పెరుగుతోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో మందు సమాచార పత్రంలో హెచ్చరిక వేయించింది. 2008లో పాత తరం వాటికీ అదే వర్తింపజేసింది. కొందరికి అవసరమే, కానీ హాల్లో సగం మంది పగలు తలవాల్చి నిద్రపోతుంటే అక్కడ మనుషులు చేయాల్సిన పని మాత్రలు చేస్తున్నాయేమో కనుక్కోవాలి.

సంతకానికి ముందు, చేరిన తర్వాత

వారాంతం కలిసొచ్చేలా వారం, పది రోజులు అతిథి గదిలో ఉండి చూడమనండి. డబ్బు తీసుకున్నా పర్వాలేదు. భోజనాల హాల్లో కొత్తవాళ్లను పిలిచి కూర్చోబెట్టుకుంటారా అన్నది ఆ కొద్ది రోజుల్లో తెలిసిపోతుంది.

చేరే రోజున పాత కుర్చీ, వాడిన దుప్పటి, చూసే గడియారం తీసుకెళ్లండి. ఇంట్లో మంచానికి బాత్రూం ఏ పక్కనుందో కొత్త గదిలోనూ ఆ పక్కే వచ్చేలా మంచం వేయించండి. చీకట్లో నిద్రమత్తులో లేచిన కాలు పాత దారినే వెతుకుతుంది. మందులన్నీ అసలు ప్యాకెట్లతో, ఏ మందు ఎందుకో రాసిన కాగితంతో నర్సుకివ్వండి. మెట్టు మారిన ప్రతిసారీ ఆ కాగితాన్ని కొత్త చార్టుతో వరసవరసగా సరిచూడాలి. ఆపేసిన మందు మళ్లీ మొదలవడం, ఒకటే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడటం జరిగేది అప్పుడే.

మొదటి నెలాఖరుకి, మూడో నెలాఖరుకి నర్సుతో, మేనేజర్‌తో కూర్చునే తేదీలు చేరే రోజే వేయించుకోండి. వెళ్లేటప్పుడు నాలుగు సంగతులు రాసుకెళ్లండి: చేరినప్పటి బరువు, ఇప్పటి బరువు, ఎన్నిసార్లు పడ్డారు, రాత్రి బెల్‌కి ఎంతసేపటికి వస్తున్నారు.